కావేరి నుద్ధరించిన కాటన్ దొరగారు

గోదావరి మండలమున పుట్టి పెరిగినవారికి సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పేరు క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. ధవళేశ్వరమును కన్నులార చూడనివారును ఆయన పటమును ఇంట నుంచుకొనుట మే మెరుగుదుము. గోదావరిలో స్నానమాడునపుడు సంకల్పముతోపాటు ఆయన పేరును తలచుకొను పురోహితు లుండిరని పెద్దలు చెప్పుదురు. కాని ఆ మహాశయుడు గోదావరికి వచ్చుటకు పదునారేండ్లు ముందుగనే, దక్షిణమున మఱియొక నదివద్ద, నానాటికి చెడిపోవుచున్న యొక మహాకార్యమును చేతబట్టి బాగుచేసెనన్న సంగతి మనవారిలో పెక్కుమందికి తెలియదు. ఈ సంచికను చదువు సోదరులకును, మన సంఘమును పోషించు దాతలకును ఆ వృత్తాంతమునే విపులముగా చెప్పదలచితిమి. క్రొత్త పనికి కొబ్బరికాయ కొట్టుటకు పిలువనివారును వత్తురు. నిలిచిపోయిన పనికి చేయి వేయుటకు పిలిచినను రారు. అట్టి పనికి చేయి వేసినవాని చరిత్రమగుటచేత ఇది మాకు ముఖ్యమని తోచినది.

కాటన్ దొరగారు 1803 సంవత్సరము మే నెల 15 వ తేదీని ఇంగ్లండు దేశమున జన్మించిరి. పదునొకండుగురు సోదరులలో ఆయన యొకరు. అడిస్కంబు నందలి కుంపిణీవారి సైనిక విద్యాలయమున చదివి, చిన్నతనముననే మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము సంపాదించి, 1821 సంవత్సరమున మన దేశమునకు వచ్చిరి. బర్మా యుద్ధమునందు కొంతకాలము పనిచేసిరి. ఆ యుద్ధపు సంగతులతో మనకు ప్రసక్తి లేదు. 1828 సంవత్సరమున కావేరి కాలువల స్థితిగతులను విచారించుటకు ఆయనను నియమించిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదేండ్లు. మన కథ ఇచ్చట మొదలగుచున్నది.

తంజావూరు సీమ యన్నచో మనవారికి పరాయిదేశము కాదు. తెలుగు నాయకరాజులు ఏలిన సీమ యది. కావేరి యొడ్డున నున్న తిరువయ్యారున త్యాగరాజస్వామి 1847 వరకును జీవించి యుండిరి. అనగా, మేము చెప్పబోవు సంగతులు జరిగిన దినములలో ఆ మహానుభావుడు నిత్యము స్నానమునకు దిగిన నదియే ఈ నది. ఆ సీమయందలి వరిపంటయంతయు కావేరి నీటిమీదనే ఆధారపడి యున్నది.

ఆ నది నడకను కొంచెము వివరముగా చెప్పినగాని తక్కినది బోధపడదు. తిరుచిరాపల్లికి పడమట, కొన్ని మైళ్ల దూరమున, కావేరి రెండు పాయలుగా చీలును. ఉత్తరపు పాయకు కొల్లిడమని పేరు. దక్షిణపు పాయ కావేరి యను పేరుతోనే తంజావూరు సీమకు పోవును. ఈ రెంటి నడుమ నున్న లంకయే శ్రీరంగనాథుడు వెలసిన శ్రీరంగము. ఆ లంక తూర్పుకొనయందు రెండు పాయలును మరల దగ్గరకు వచ్చును. అచ్చట కొల్లిడపు మట్టము పల్లముగాను, కావేరి మట్టము మెరకగాను ఉండును. అడ్డు లేనిచో కావేరి నీరంతయు కొల్లిడములోనికి జారి, పంట కక్కఱకు రాకుండ సముద్రము పాలగును. ఈ జారుడును ఆపుటకే పూర్వము చోళరాజులు ఆ చోట రాతికట్ట కట్టిరి. దానిని అఱవవారు కల్లణై యందురు. కరికాలచోళుడు దానిని కట్టించెనని ప్రసిద్ధి. వేయి యడుగులకు మించిన పొడవున, పాము నడకవలె వంపులు తిరిగి, పెద్ద రాళ్లను మట్టిలో కూర్చి, ఇసుకపైననే నిలిపిన కట్టడమది. ప్రపంచమునందు నేటికిని పనిచేయుచున్న మిక్కిలి ప్రాచీనమైన నీటి కట్టడములలో నది యొకటి.

ఇట్టి కట్టడ ముండగా తంజావూరు సీమకు కీడు ఎట్లు మూడెను? కీడు కట్టవద్ద లేదు. అది ఎగువన, పాయలు చీలెడి చోట నుండెను. కొల్లిడము సూటిగాను, వాలు హెచ్చుగాను సముద్రమునకు పోవు పాయ. వాలు హెచ్చైనచోటికే నీరు ఒరుగును. నీరు హెచ్చుగా పారినకొలది ఆ పాయ అడుగు కోసుకొనిపోయి లోతగును. కావేరి పాయయందు నీరు తగ్గినకొలది వేగము తగ్గి, ఇసుక మేటవేసి, అడుగు మెరకెక్కును. మెరకెక్కినకొలది నీరు మఱింత తగ్గును. ఇట్లు ఏటేట ఒకటి బలియుటయు, రెండవది చిక్కుటయు జరుగుచుండెను.

తంజావూరు సీమ కుంపిణీవారి పాలనలోనికి వచ్చిన పిమ్మట 1804 సంవత్సరమున కాల్డ్వెల్ అను ఇంజనీరు దీనిని పరిశీలించెను. ఆయన సూచించిన ప్రకారము కల్లణై పైభాగమును రెండడుగులకు పైగా ఎత్తుచేసి, నదీగర్భపు గట్లను పెంచిరి. కొంతకాలము మేలుగనే కనబడెను. కాని కట్ట యెత్తగుటచేత ఇసుక కొల్లిడములోనికి దొరలిపోవు వీలు తగ్గి, కావేరి గర్భముననే నిలిచెను. గర్భము మెరకెక్కినందున గట్లు మరల చాలకపోయెను. గట్లను మరల పెంచిరి. ఇదిగాక, పాయ మొగదలయందు చేరిన ఇసుకను ఏటేట కూలీలచేత త్రవ్వించి పోయించుచుండిరి. వేసవియందు త్రవ్వినది వరదలకు పూడును. మఱుసటి వేసవిని మరల త్రవ్వుదురు. డబ్బు ఖర్చగుచుండెను, పని జరుగుచున్నట్లే కనబడుచుండెను, నది మాత్రము నానాటికి చిక్కిపోవుచుండెను. పనియే జరుగని చోట లోపము నెవరైనను గుర్తింతురు. ఏటేట పని జరుగుచున్నచోట గుర్తించుట కష్టము, ఏలయన అడిగినవారికి చూపుటకు లెక్కలుండును.

కాటన్ దొరగారు మొదట చేసినది త్రవ్వకము కాదు, నడక. కాలువలవెంట, గట్లవెంట తిరిగి, ఏ పాయయం దెంత నీరు పోవుచున్నదో, ఎచ్చట మెరకెక్కుచున్నదో పరిశీలించిరి. పూర్వుల కట్టను తీసివేసి క్రొత్తది కట్టవలెనన్న యూహకు ఆయన పోలేదు. పైగా ఆ కట్టనే గురువుగా నెంచిరి. ఎంత లోతునకు త్రవ్వినను రాయి తగులని ఇసుకలో కట్టడమును నిలుపుట యెట్లో తాము ఆ పూర్వులవద్దనే నేర్చితిమని ఆయన వృద్ధాప్యమున గూడ వ్రాసియున్నారు. పాలకజాతివాడగు ఇంజనీరు, పేరైనను తెలియని తాపీపనివారి కిట్టి ఋణము నొప్పుకొనుట ఆ కాలమున సామాన్యము కాదు.

మొదటి చికిత్స చిన్నదిగా జరిగెను. 1830 ప్రాంతమున కల్లణైయందు అడుగుతూములు పెట్టించిరి. అంతవరకు కట్టకు వెనుక చేరి నిలిచిన ఇసుక ఈ తూములగుండ కొల్లిడములోనికి జారిపోవ మొదలిడెను. అంతలో దొరగారికి జబ్బుచేసి స్వదేశమునకు పోవలసి వచ్చెను. 1832 లో తిరిగి వచ్చునప్పటికి మూలవ్యాధి యట్లే యుండెను. తూములు ఇసుకను కొంత తీసినను, ఎగువన నీటి నంతయు లాగుకొనుచున్న కొల్లిడమును ఆపునది ఏదియు లేకుండెను.

అప్పుడు ఆయన చేసిన ప్రతిపాదన వినుటకు సులభము, ఒప్పించుటకు కష్టము. చిక్కిపోయిన కావేరిని త్రవ్వుట మాని, బలిసిన కొల్లిడమునకు మొగదలయందే అడ్డుకట్ట వేయవలెనని ఆయన సూచించిరి. కట్ట మిక్కిలి యెత్తుగా నుండరాదు. సామాన్యపు నీరు కావేరికి మరలవలెను, పెనువరద మాత్రము కట్టమీదుగా పొర్లి కొల్లిడమున పోవలెను. అట్లు గానిచో తంజావూరు సీమ దాహముతో గాక ముంపుతో నశించును. ఇందొక చిక్కు గలదు. కొల్లిడపు దిగువభాగపు నీటిమీద ఆధారపడిన పొలములు తంజావూరు సీమయందును, దక్షిణార్కాటు సీమయందును గలవు. ఎగువన నీటిని ఆపినచో వారి నోట మన్ను పడును. ఒక రైతును బ్రతికించుటకు వేరొక రైతును చంపరాదు గదా! కావున సుమారు 70 మైళ్లు దిగువన కొల్లిడమునకే రెండవ ఆనకట్ట వేసి, అచ్చటికి చేరిన నీటిని ఆ పొలములకు మరలింపవలెనని ఆయన ప్రతిపాదించిరి. దిగువ ఆనకట్ట నీటితోనే వీరనపు చెరువు నిండుట. ఈ రెండవ కట్టను ఆయన మఱచియుండినచో మొదటి కట్ట ఎంత చక్కగా నిలిచినను అది అన్యాయపు కట్టడమే యగునని మా యభిప్రాయము.

అడుగులేని ఇసుకలో, పెనువరదలు వచ్చు నదికి అడ్డముగా కట్టడమా యని పలువురు సందేహించిరి. దానికి ఆయనవద్ద నున్న సమాధానము కల్లణైయే. అది నిలిచినప్పుడు ఇది యేల నిలువదు? తుదకు అనుమతి వచ్చెను. 1836 సంవత్సరమున, నదియందు నీరు సన్నగిల్లిన కొద్ది నెలలలోనే పని ముగింపవలసి వచ్చెను. ఇసుకలో ఇటుకబావులను దింపి, వానిపై కట్టుబడి లేపిరి. ఎగువ ఆనకట్ట నడుమ లంకలుండుటచేత మూడు ముక్కలుగా, మొత్తము సుమారు 750 గజముల పొడవున తయారయ్యెను. ఎత్తు అయిదు మొదలు ఏడడుగుల లోపల. ఇసుక పోవుటకు తూములను విడిచిరి. దిగువ ఆనకట్టయు ఆ యేటనే కట్టబడెను. రాళ్లు మోసినవారి పేర్లు, బావులు దింపినవారి పేర్లు ఏ కాగితముననైన నుండెనో లేదో, మాకు మాత్రము కనబడలేదు. వారికిని నమస్కారము.

ఫలితము వెంటనే కనబడెను. కావేరి మొగదల నీరు నిండుగా పారెను, పేరుకొన్న మేటలను ఏ కూలివాడును త్రవ్వకుండ ఆ నీరే కోసికొనిపోయెను. తంజావూరు సీమయందు సాగు స్థిరపడెను.

చరిత్రకారులు కొందఱు కథను ఇచ్చటనే ముగింతురు. అది న్యాయము కాదు. మందు పనిచేసినది గాని, కొంచెము హెచ్చుగా పనిచేసినది. కొన్నేండ్లకు కావేరి మొగదల అవసరమునకు మించి లోతుపడ నారంభించెను. కొల్లిడపు మొగదల కట్టకు ఎగువన మేటవేయ నారంభించెను. ఇట్లే విడిచినచో మునుపటి రోగము తలక్రిందుగా తిరిగి, కొల్లిడము పూడి, వరద యంతయు కావేరిమీద పడి, గట్లు తెగునను భయము కలిగెను. అప్పుడు 1843–45 ప్రాంతమున ఎగువ ఆనకట్ట నడిమిభాగమును సుమారు 700 అడుగుల మేర రెండడుగులు తగ్గించిరి. కావేరి మొగదలయందు అడుగు మఱింత కోసుకొనిపోకుండ నదికి అడ్డముగా వేరొక కట్టుబడి వేసిరి. అప్పటికి గాని రెండు పాయలును సమత్వమునకు రాలేదు. కట్టి పదేండ్లైనను కాని కట్టను పగులగొట్టి తగ్గించుటకు ప్రభుత్వమునకు సిగ్గు కలుగకపోవుట మెచ్చదగినది. తాము కట్టినది తప్పనిపించుకొనుట కిష్టములేక నష్టమునే సాగనిచ్చువారిని ఎందరినో మనము చూచుచున్నాము.

కావేరి పని ముగిసిన తరువాత దొరగారి యారోగ్యము మరల చెడెను. కొంతకాలము ఆస్ట్రేలియా ప్రాంతమున నుండి, 1841 లో వివాహమాడి, తిరిగి మన దేశమునకు వచ్చి విశాఖపట్టణమున నుండిరి. ఆ దినములలో గోదావరి మండలపు స్థితి హృదయవిదారకము. 1833 నాటి కఱవును, 1839 నాటి తుపానును ప్రజలను చావగొట్టినవి. 1821 లో 7,38,308 గా నున్న రాజమహేంద్రవర మండల జనసంఖ్య 1841 నాటికి 5,61,041 కి దిగెను. పెద్ద నది ప్రక్కన పారుచుండగా నీరు లేక మనుష్యులు చచ్చిరి. 1844 లో ఆయన గోదావరిని పరీక్షించి విన్నపము పంపిరి. కావేరి ఫలితమే ఆయనకు సాక్ష్యము. ఇసుకలో కట్టడము నిలుచునా యన్న పాతప్రశ్న మరల వచ్చినప్పుడు ఆయన ఈ మారు కల్లణైనే గాక తన కట్టలను గూడ చూపగలిగిరి.

1846 తుదిని ఇంగ్లండునుండి అనుమతి వచ్చి, 1847 లో ధవళేశ్వరమున పని మొదలయ్యెను. ఆయన కోరినంతమంది ఇంజనీర్లను ప్రభుత్వము వారు పంపలేదు. వేలకొలది కూలీలను సమకూర్చి నడపుటలో వీణెం వీరన్నగారు కుడిభుజముగా నిలిచిరి. ఈ తెలుగు ఉద్యోగి పేరు దొరగారి పేరు ప్రక్కన తలపబడుట ఎంతయు న్యాయము. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ముక్కలుగా ఆనకట్ట లేచి 1852 లో పూర్తియయ్యెను. మధ్యకాలమున దొరగారు జబ్బుపడి సెలవున పోగా ఆర్ దొరగారు పని నడిపిరి. ఆ ఆర్ దొరగారే పిదప బెజవాడ ఆనకట్టను కట్టిరి. గన్నవరపు అక్విడక్టును హేగ్ దొరగారు కట్టిరి. గోదావరి మండలమునకు కలిగిన మేలు పాఠకులకు తెలిసినదే గనుక విస్తరింపము.

ఒక సంగతి మాత్రము చెప్పక తీరదు. కుంపిణీవారు ఈ ఖర్చు పెట్టుటకు కారణము దయ యొక్కటియే కాదు. నీరు వచ్చినచో శిస్తు వచ్చును. కాటన్ దొరగారును తన విన్నపములయందు రాబడి లెక్కలను దండిగా చూపిరి. ఆయన హృదయమున కఱవు బాధ యుండెననుటకు మాకు సందేహము లేదు. కాని ఆ బాధను వినని చెవులకు వినిపించు భాష లెక్కల భాష యని ఆయన యెరుగును.

దొరగారికి అపజయమే లేదనుకొనరాదు. దేశమున నదులనన్నిటిని కాలువలతో కలిపి, నీటిమార్గముననే సరకులు నడపవలెనని ఆయన కలగనిరి. రైళ్లకన్న కాలువలే మనకు మేలని వాదించిరి. ఆ పెద్ద యూహలోని ముక్కగా 1858 లో మద్రాసు ఇరిగేషను కంపెనీ యేర్పడి, తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట వేసి, కర్నూలు–కడప కాలువను 190 మైళ్లు త్రవ్వి 1871 లో తెరచెను. ఖర్చు అంచనాలను దాటెను. నల్లరేగడి నేలలయందు మెట్టపైరులు వేసికొను రైతులు నీటిని కొనుటకు ముందుకు రాలేదు. తుదకు 1882 లో ప్రభుత్వమువారే ఆ కాలువను కొనవలసి వచ్చెను. తంజావూరున ఆయన వేయేండ్లనాటి రైతుల అలవాటును అనుసరించి నడచిరి. కర్నూలు సీమయందు ఆ యలవాటు లేదు. ఈ భేదమును ఆయన తగినంత లెక్కింపలేదని మాకు తోచుచున్నది. 1878 లో పార్లమెంటు విచారణసంఘము ముందు ముసలిప్రాయమున నిలిచి కాలువలకై వాదించినను ఆ సంఘమువారు సమ్మతింపలేదు. ఆ కర్నూలు–కడప కాలువ మాత్రము నిష్ప్రయోజనమై పోలేదు. అది నేటికిని రాయలసీమయందు పొలములను తడుపుచున్నది.

1861 లో ఆయనకు సర్ బిరుదము వచ్చెను. ఉద్యోగము చాలించిన పిమ్మట ఇంగ్లండున డార్కింగు పట్టణమున స్థిరపడిరి. తీరికగా కూర్చుండుట ఆయన స్వభావము కాదు. ఎనుబది దాటిన వయస్సునను ఇంటి తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించి, దిగుబడి యెంత హెచ్చునో పరీక్షించుచుండిరి. 1899 జూలై 24 వ తేదీని, తొంబదియాఱేండ్ల వయస్సున కాలధర్మము నొందిరి. మఱుసటి యేట ఆయన కుమార్తె హోప్ దొరసానిగారు ఆయన జీవితచరిత్రమును ప్రకటించిరి.

ధవళేశ్వరపు పాత ఆనకట్టకు బదులు 1982 లో పూర్తియైన క్రొత్త బారేజికి కాటన్ దొరగారి పేరే పెట్టబడినది. ఆయన కట్టిన ఎగువ ఆనకట్ట, పిదప తలుపులు బిగింపబడి చాలకాలము పనిచేసి, 2018 ఆగస్టు 22 వ తేదీ రాత్రి కొల్లిడపు వరదకు తొమ్మిది తలుపులు కొట్టుకొనిపోగా తెగినది. అది కట్టి అప్పటికి 182 ఏండ్లు. దానికి దిగువన మఱియొక కట్టడము లేచినది. ఆ రాత్రి వరద పారిన దారినే మఱికొన్ని మైళ్లు పోయినచో, ఆయన అడుగుతూములు పెట్టించిన కల్లణై యున్నది. అది నిలిచియే యున్నది.